11 ఫ్లాట్ కొట్టాక ఏంటి? కాలేజీ స్ప్రింటర్ నేషనల్స్ దాకా వెళ్లే దారి

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది, తప్పుంటే దిద్దు. వయసు 19. బీకామ్ సెకండ్ ఇయర్, ఓయూ (ఉస్మానియా యూనివర్సిటీ) కింద ఉన్న కాలేజీ. కాలేజీ మీట్‌లో 100 మీటర్లు 11 ఫ్లాట్, అంటే సరిగ్గా 11 సెకన్లు, ఇంటర్ కాలేజీలో రెండో స్థానం. సిటీ అవతల ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు డిగ్రీ పక్కన పెట్టి రెండేళ్లు తమ దగ్గర ఉంటే నేషనల్ మెడల్ గ్యారంటీ అంటున్నారు. నాన్నగారేమో ఇవన్నీ మాని బ్యాంకు పరీక్షలకు చదవమంటున్నారు. నేషనల్ లెవెల్‌కి వెళ్లగలనా, డిగ్రీ మానేయనా, ఏ స్పైక్స్ (అడుగున పిన్నులుండే పరుగు బూట్లు) కొనాలి అని అడిగావు.

నా సంగతి రెండు ముక్కల్లో. ఓయూ తరఫున 200, 400 మీటర్లు పరుగెత్తాను, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు పొద్దున పూట పిల్లలకు ప్రాక్టీస్ చేయిస్తున్నాను. వయసులో నీకు అక్కనో పిన్నినో అవుతాను కాబట్టి కాస్త గట్టిగా మాట్లాడినా ఏమనుకోకు.

నేషనల్స్ ఆడగలవా అంటే ఆడగలవు. 100 మీటర్లలోనే మెడల్ కొడతావా అంటే ఇప్పుడున్న లెక్కల ప్రకారం కష్టం. డిగ్రీ మాత్రం మానొద్దు. గ్యారంటీ అన్నవాళ్ల దగ్గరికి అసలు పోకు. ఈ ఆట తెలిసినవాడెవడూ ఆ మాట అనడు.

ముందు ఆ 11 ఫ్లాట్ సంగతి తేల్చుకుందాం. టైమింగ్ ఎవరు తీశారు? కాలేజీ మీట్ అంటున్నావు కాబట్టి చేతి వాచీయో, ఫ్రెండ్ ఫోనులో స్టాప్‌వాచో అయి ఉంటుంది. చేతి టైమింగ్ తీసేవాడు తుపాకీ పొగ చూసి నొక్కాలి, శబ్దం విని కాదు. ధ్వని 100 మీటర్లు రావడానికే దాదాపు 0.3 సెకన్లు పడుతుంది. ఫినిష్ దగ్గర నిలబడ్డవాడి చెవిన ఆ చప్పుడు పడేసరికి నువ్వు బ్లాక్స్‌ని (పరుగు మొదట్లో కాళ్లు ఆనించే పెడల్స్‌ని) తంతూ ఉంటావు. పోనీ పొగే చూశాడనుకో, అప్పుడూ వేలు కాస్త ఆలస్యంగానే కదులుతుంది. చివర్లో మాత్రం మనిషి వస్తున్నది ముందే కనబడుతుంది కాబట్టి ఆలస్యం ఉండదు. రెండు చివర్లా లాభం నీకే. అందుకే 100, 200 మీటర్లలో చేతి టైమింగ్‌ని ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 0.24 కలుపుతారు. అంటే నీ 11.0 అసలు విలువ 11.24. శబ్దం విని నొక్కి ఉంటే 11.5 అయినా ఆశ్చర్యం లేదు. ఇక మట్టి గ్రౌండ్‌లో సున్నంతో గీసిన ఆ 100 మీటర్లు నిజంగా 100 ఉందా అన్నది మీ పీడీ సార్‌నే (కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌నే) అడగాలి.

ఇంకొకటి గాలి. వీపు మీద గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ టైమింగ్ రికార్డులకు చెల్లదు. కాలేజీ మీట్‌లో గాలి కొలిచే పరికరమే ఉండదు.

నిన్ను చిన్నబుచ్చాలని ఇదంతా చెప్పట్లేదు. కాలేజీ స్ప్రింటర్‌కీ నేషనల్ అథ్లెట్‌కీ మధ్య మొదటి తేడా వేగంలో ఉండదు, లెక్కలోకి వచ్చే పరుగులో ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉన్న మీట్‌లో, ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో, గాలి కొలత పక్కన రాసి, అనుకున్న తేదీన పరుగెత్తిందే నీది. మిగతావన్నీ క్యాంటీన్ కబుర్లు.

దీనికి జ్యోతి యర్రాజిని మించిన ఉదాహరణ లేదు. విశాఖ అమ్మాయి. మన హైదరాబాద్ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న నాగపురి రమేశ్ గారి దగ్గర శిక్షణ తీసుకుంది. 2020 జనవరిలో మూడబిదిరిలో ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్. 100 మీటర్ల హర్డిల్స్ 13.03లో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ 2002లో పెట్టిన 13.38. అంటే పద్దెనిమిదేళ్ల రికార్డు ఒక్క పరుగులో పోవాలి. పోలేదు. ఆ మీట్‌లో డోప్ టెస్ట్ జరగలేదు, అథ్లెటిక్స్ ఫెడరేషన్ పంపే టెక్నికల్ డెలిగేట్ లేరు, కాబట్టి రికార్డు ఇవ్వలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.08 పరుగెత్తింది. గాలి 2.1. 0.1 ఎక్కువ, మళ్లీ చెల్లలేదు. చివరికి 2022 మేలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరుగెత్తి రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. చూడు, ముందు రెండింటికన్నా అది నెమ్మది పరుగు. అయినా రికార్డు అదే. ఆ తర్వాత 2023లో చెంగ్డూ వరల్డ్ యూనివర్సిటీ గేమ్స్‌లో 12.78తో కాంస్యం తెచ్చింది. పారిస్ ఒలింపిక్స్ అర్హత టైమింగ్ 12.77. సెకనులో నూరో వంతు తక్కువైంది, ర్యాంకింగ్ ద్వారా వెళ్లింది. ఆ అమ్మాయే ఇన్నిసార్లు ఆగి మళ్లీ లేచిందంటే, నువ్వు ఒక ఇంటర్ కాలేజీ రెండో స్థానంతో రెండేళ్ల జీవితం పందెం కట్టేముందు ఆలోచించు.

ఇప్పుడు నీ 11.24 ఎక్కడుందో చూద్దాం. సీనియర్ నేషనల్స్ ఫైనల్లో లేన్ కావాలంటే 10.5 చుట్టుపక్కల ఉండాలి. సెకనులో ముప్పావు అంటే వినడానికి చిన్నదే. ట్రాక్ మీద చూస్తే, ఆ 10.5 వాడు ఫినిష్ దాటే క్షణానికి నువ్వు దాదాపు ఏడు మీటర్లు వెనక ఉంటావు. మన హైదరాబాదీ అబ్దుల్ నజీబ్ ఖురేషీ 2010 ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో 10.30 పరుగెత్తినప్పుడు అది జాతీయ రికార్డుతో సమానం. 2025 మార్చిలో గురిందర్‌వీర్ సింగ్ 10.20 చేశాడు, అదే జులైలో గ్రీస్‌లో అనిమేశ్ కుజూర్ 10.18కి దించాడు. పైన ఉన్నవాళ్లు ఆగి మనకోసం చూడట్లేదు. అయితే అదే అనిమేశ్ ట్రాక్ మీదికి వచ్చింది 2021లో, అంతకుముందు ఫుట్‌బాల్ ఆడేవాడు. కాబట్టి 19 ఏళ్లకు ఆలస్యమైపోయిందని ఎవరన్నా అంటే నమ్మకు. పద్ధతిగా ట్రైనింగ్ లేకుండానే 11.24 దాకా వచ్చిన పిల్లాడికి మొదటి ఏడాది రెండేళ్లలో తగ్గే సమయం ఎక్కువ. ఆ తర్వాత నూరో వంతుల కోసం ఏళ్లు పడతాయి.

నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైంది. నీ ఈవెంట్ 100 అని నీకు ఎవరు చెప్పారు? మన కాలేజీల్లో వేగంగా పరుగెత్తే ప్రతివాడినీ 100లో నిలబెడతారు. అది చూడ్డానికి బాగుంటుంది, చప్పట్లు పడతాయి. 400 అంటే అందరికీ భయం, చివరి 80 మీటర్లలో ఒళ్లంతా సీసం పోసినట్టు అవుతుంది కాబట్టి. ఒక వారం విశ్రాంతిగా ఉన్నప్పుడు, వేర్వేరు రోజుల్లో, మంచి ట్రాక్ మీద 200 ఒకసారి, 300 ఒకసారి పరుగెత్తి చూడు. 200 మీటర్ల టైమింగ్ నీ 100కి రెట్టింపు దగ్గరే ఉంటే, అంటే 22.5 లోపల వస్తే, నీకు వేగం నిలబెట్టుకునే గుణం ఉన్నట్టు. 23 దాటిందంటే నీది పక్కా 100 ఒళ్లు, లేదా అసలు ఓపిక పెంచే పని చేయలేదన్నమాట. 300 మీటర్లు 36 లోపు వచ్చిందంటే మాత్రం దయచేసి 400 గురించి ఆలోచించు. నా దగ్గరికి వచ్చిన ఒక మెహిదీపట్నం పిల్లాడు 100లో హీట్స్ (తొలి రౌండ్) దాటేవాడు కాదు. 400కి మారమంటే నెల రోజులు అలిగాడు. మారాక రాష్ట్ర రిలే జట్టులో వాడి పేరు లేని మీట్ లేదు.

ఈవెంట్ మారడం ఓడిపోవడం కాదు. అగసర నందినిని చూడు, మన తెలంగాణ అమ్మాయి. 100 మీటర్ల హర్డిల్స్‌లో మొదలుపెట్టి ఏడు ఈవెంట్లు ఉండే హెప్టాథ్లాన్‌కి వెళ్లింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 5712 పాయింట్లతో కాంస్యం, 2025 గుమీ ఏషియన్ ఛాంపియన్‌షిప్స్‌లో స్వర్ణం. హర్డిల్స్‌లోనే ఉండి ఉంటే ఇది జరిగేదా అంటే నాకు అనుమానమే.

రిలేని కూడా తక్కువగా చూడకు. ఖురేషీ ఆ 2010 గేమ్స్‌లోనే 4×100 రిలేలో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు, 38.89. నలుగురు 10.4 వాళ్లను కూడితే 41.6 రావాలి కదా, 38.89 ఎలా వచ్చింది? మొదటివాడు తప్ప మిగతా ముగ్గురూ పరుగులో ఉండగానే బ్యాటన్ అందుకుంటారు. పైగా బ్యాటన్ వేగం ఎక్కడా తగ్గకుండా మార్చుకోవడం ఒక విద్య. 30 మీటర్ల జోన్‌లో చేతులు కలవకపోతే మీ నలుగురి వేగం దేనికీ పనికిరాదు. యూనివర్సిటీ జట్టులో బ్యాటన్ మార్చడం బాగా వచ్చిన 10.9 వాడు, రాని 10.7 వాడికన్నా విలువైనవాడు. 2025 గుమీలో రజతం గెలిచిన మహిళల 4×100 జట్టులో మన నిత్య గంధే ఉంది. ఒక్క లేన్ దొరకని చోట నాలుగు దొరుకుతాయి, నీలాంటి వాడికి ఇది పెద్ద తలుపు.

ఇక దారి. రెండు దారులు పక్కపక్కన నడుస్తాయి, చాలామంది పిల్లలు ఒకటే ఉందనుకుంటారు. మొదటిది ఫెడరేషన్ దారి. జిల్లా సంఘం, రాష్ట్ర మీట్, జూనియర్లకైతే సౌత్ జోన్, ఆ తర్వాత నేషనల్స్. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ వేర్వేరు జిల్లాలు. నువ్వు ఏ జిల్లా నుంచి ఆడతావో ముందే తేల్చుకో. అథ్లెటిక్స్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ఎంట్రీ ఇవ్వరు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ పదో తరగతి మెమోతో సరిపోవాలి. ఈ ఏడాది డిసెంబర్ 31 నాటికి నీకు 20 నిండకపోతే ఈ సీజన్‌కి నువ్వు అండర్ 20 వాడివే. అది పోతే అండర్ 23 ఉంది. పిల్లలు ఈ తేదీలు చూసుకోక, చేతిలో ఉన్న ఏడాది పోగొట్టుకుని, నేరుగా సీనియర్స్‌లో పెద్దవాళ్ల మధ్య హీట్స్‌లో చివర వస్తారు.

రెండోది యూనివర్సిటీ దారి. ఇంటర్ కాలేజీ, ఓయూ సెలెక్షన్స్, ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ. అక్కడ బాగా రాణించిన యూనివర్సిటీలు ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌కి వెళ్తాయి, ఇవి 2020లో భువనేశ్వర్‌లో మొదలయ్యాయి. ఇంటర్ యూనివర్సిటీకి వయసు పరిమితి 25. నువ్వు డిగ్రీ మానేస్తే ఈ దారి మొత్తం ఆ రోజే మూసుకుపోతుంది. అకాడమీ వాళ్లు ఈ ముక్క నీకు చెప్పి ఉండరు.

ఓయూలో రెండో స్థానం వచ్చిందని ఇంటర్ యూనివర్సిటీలో కూడా అలాగే ఉంటుందనుకోకు. మంగళూరు యూనివర్సిటీ జట్టు వస్తే తెలుస్తుంది. మూడబిదిరిలో హాస్టల్, మెస్, కోచ్, ట్రాక్ అన్నీ ఒకే చోట ఉన్న పిల్లలు వాళ్లు. నువ్వు ఎనిమిదింటికి ప్రాక్టీస్ ముగించి, బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లి, మధ్యాహ్నం క్లాసులో నిద్రపోతావు. ఈ తేడా తెలుసుకుని వెళ్తే బెదరకుండా పరుగెత్తుతావు.

ఇందులో ఒక చిక్కుంది. ఇంటర్ యూనివర్సిటీ సాధారణంగా చలికాలంలో ఉంటుంది, ఫెడరేషన్ పెద్ద మీట్లు ఎక్కువగా మార్చి నుంచి జూన్ దాకా. రెండింటికీ ఒకే ఊపులో ఉండాలంటే ఒంట్లో ఏమీ మిగలదు. ఏడాదికి రెండు శిఖరాలు పెట్టుకో, ఒకటి చలికాలానికి, ఒకటి వేసవికి. మధ్యలో కనీసం మూడు వారాలు స్పైక్స్ ముట్టకు. ప్రతి ఆదివారం ఎక్కడో ఒక ఓపెన్ మీట్ ఉందని వెళ్లి షీల్డులు తెచ్చుకునే పిల్లలను చాలామందిని చూశాను. ఇంట్లో షోకేసు నిండుతుంది, టైమింగ్ మాత్రం అక్కడే ఉంటుంది.

ప్రాక్టీస్ గురించి నువ్వు ఒక లైను రాశావు: రోజూ పది 100లు, వాంతి అయ్యేదాకా. ఇది ఆపెయ్. మన గ్రౌండ్లలో ఇది ఒక జబ్బు, అలసిపోతే ప్రాక్టీస్ బాగా అయిందనుకుంటారు. పది 100లు నిమిషం గ్యాప్‌తో పరుగెత్తితే నువ్వు వేగం నేర్చుకోవట్లేదు, నెమ్మదిగా పరుగెత్తడం బాగా నేర్చుకుంటున్నావు. పూర్తి వేగంతో చేసే పరుగుకు కండరంలో ఉన్న తక్షణ శక్తి కొన్ని సెకన్లలోనే అయిపోతుంది, అది తిరిగి నిండడానికి నిమిషాలు కావాలి. మేము వాడే మోటు లెక్క ఒకటుంది: ప్రతి 10 మీటర్ల పూర్తి వేగానికి ఒక నిమిషం విశ్రాంతి. 30 మీటర్ల స్టార్ట్ తర్వాత మూడు నిమిషాలు. 60 తర్వాత ఆరు. కూర్చోకు, అటూ ఇటూ నడువు. చూసేవాళ్లు సోమరి అనుకుంటారు, అనుకోనీ.

వారంలో నిజంగా గట్టి రోజులు మూడే ఉండాలి. ఒక రోజు స్టార్ట్స్, బ్లాక్స్ నుంచి 20, 30 మీటర్లు. ఒక రోజు ఫ్లయింగ్ పరుగులు: 20 మీటర్లు మెల్లగా వేగం పెంచుకుంటూ వచ్చి, తర్వాతి 30 మీటర్లు గరిష్ఠ వేగం, అది కూడా నాలుగైదు చాలు. ఇంకో రోజు 120, 150 మీటర్లు, ఎక్కువ విశ్రాంతితో రెండు మూడు. వీటి మధ్య రోజుల్లో గడ్డి మీద మెల్లగా 100 మీటర్ల టెంపో, జిమ్, లేదా పూర్తి విశ్రాంతి. క్యాంపస్‌లో మెల్లగా ఎత్తెక్కే రోడ్డు ఒకటి చూసుకో. సీజన్ మొదట్లో దాని మీద 30 మీటర్ల పరుగులు బ్లాక్స్‌లో తోపు నేర్పినంతగా ఇంకేదీ నేర్పదు, తొడ వెనక కండరానికి ముప్పు కూడా తక్కువ. మేలో హైదరాబాద్ ఎండ తెలిసిందే, అయిదున్నరకు గ్రౌండ్‌లో ఉంటేనే పని అవుతుంది. గచ్చిబౌలి స్టేడియంలో వాకింగ్‌కి వచ్చేవాళ్లు లోపలి లేన్లలో నడుస్తుంటారు, వాళ్లతో గొడవ పడకుండా బయటి లేన్లలో స్టార్ట్స్ వేసుకో.

బ్లాక్స్ అమరిక నీ వీడియోలో చూశాను, రెండు పెడల్స్ లైన్‌కి అతుక్కుని ఉన్నాయి. అందుకే తుపాకీ పేలగానే ముందుకు కాకుండా పైకి లేస్తున్నావు. నీ పాదంతోనే కొలువు. ముందు పెడల్ లైన్ నుంచి రెండు పాదాలు, వెనక పెడల్ మూడు పాదాలు, అక్కడ మొదలుపెట్టి నీ కాళ్ల పొడవును బట్టి కొంచెం జరుపుకో. "సెట్" అన్నప్పుడు నడుము భుజాలకన్నా కాస్త పైకి, చూపు కింద లైన్ మీద, ఫినిష్ మీద కాదు. మొదటి అడుగు పొడుగ్గా వేయాలని చూడకు, వెనక్కి గట్టిగా తన్నడమే పని. 2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే బయటికి పంపిస్తున్నారు. తుపాకీ తర్వాత 0.100 సెకన్లలోపు కదిలితే ముందే కదిలినట్టు లెక్క. కాబట్టి ఊహించి లేవడం మానెయ్, విని లేవడం అలవాటు చేసుకో.

తొడ వెనక కండరం పట్టేస్తే "కొంచెం వేడి చేసి పరుగెత్తేస్తా" అనకు. పూర్తి వేగంలో కాలు ముందుకు వచ్చి నేలను తాకబోయే ముందు ఆ కండరం సాగిన స్థితిలో బ్రేకు వేస్తుంది, చిరిగేది అక్కడే. జనవరి పొద్దున్న చలిలో వార్మప్ లేకుండా చేసిన స్టార్ట్స్‌తో సీజన్ పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. జిమ్‌లో స్క్వాట్స్‌తో పాటు నార్డిక్ హామ్‌స్ట్రింగ్ నేర్చుకో. మోకాళ్ల మీద నిలబడి, పాదాలు ఎవరన్నా పట్టుకుంటే, మెల్లగా ముందుకు వాలుతూ ఆపుకోవడం. మొదట్లో రెండు కూడా రావు.

తిండికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. అన్నం, పప్పు, గుడ్లు, పెరుగు, వారంలో కొన్నిసార్లు చికెన్, ప్రాక్టీస్ అవగానే ఏదో ఒకటి కడుపులో పడాలి. నీ జేబులో డబ్బుంటే డబ్బాల పొడి మీద పెట్టకు, ఇంకో రెండు గుడ్ల మీద పెట్టు.

ఎందుకంటే డోపింగ్. ఇది నీకు సంబంధం లేని విషయం అనుకోకు. 2023లో మన దేశంలో 5606 శాంపిళ్లు పరీక్షిస్తే 213 పాజిటివ్ వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర మీట్‌కి నాడా (డోప్ టెస్టులు చేసే జాతీయ సంస్థ) అధికారులు వచ్చారని తెలియగానే 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు, మిగతావాళ్లు మాయం. తెలిసి తీసుకునేవాళ్ల సంగతి పక్కన పెట్టు, నా భయం తెలియక ఇరుక్కునే నీలాంటివాళ్ల గురించే. నీ ఒంట్లో ఏది దొరికినా బాధ్యత నీదే, ఎవరిచ్చారన్నది తర్వాతి మాట. దగ్గుకు మందుల షాపులో ఇచ్చే చాలా సిరప్పుల్లో టెర్బుటలిన్ ఉంటుంది, అది నిషేధిత జాబితాలో ఉంది. మోకాలి నొప్పికని వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పోటీ సమయంలో నిషేధం. డాక్టర్ దగ్గరికి వెళ్లగానే "నేను అథ్లెట్‌ని, నాకు డోప్ టెస్ట్ ఉంటుంది" అని చెప్పడం అలవాటు చేసుకో. ఆ గ్యారంటీ అకాడమీలో "రికవరీ ఇంజెక్షన్" అన్న మాట వినబడితే బ్యాగు సర్దుకుని వచ్చెయ్. మొదటిసారికే నాలుగేళ్ల నిషేధం పడవచ్చు. 19కి నాలుగు కలిపితే 23, ఆ తర్వాత ఏ కోటా ఉద్యోగమూ నీ వైపు చూడదు.

మీట్ రోజు గురించి ఒక్క మాట. కాలేజీ మీట్‌లో పేరు పిలిస్తే వచ్చి నిలబడితే చాలు. నేషనల్స్‌లో కాల్ రూమ్ ఉంటుంది. చెప్పిన టైముకి అక్కడ లేకపోతే నీ ఈవెంట్ అయిపోయినట్టే, ఎవరికి దండం పెట్టినా లాభం లేదు. అక్కడ చెస్ట్ నంబర్ చూస్తారు, స్పైక్ పిన్నులు చూస్తారు, ఫోన్, ఇయర్‌ఫోన్స్ తీసుకుంటారు. తర్వాత ఓ పావుగంట ఏమీ చేయకుండా, పక్కనున్న ఏడుగురి తొడలు చూస్తూ కూర్చోవాలి. మొదటిసారి వెళ్లిన పిల్లల రేసు సగం ఆ బెంచీ మీదే అయిపోతుంది. అందుకే వార్మప్ అయ్యాక పావుగంట కూర్చుని, తర్వాత లేచి స్టార్ట్ వేయడం ప్రాక్టీస్‌లోనే చేసి చూడు.

ఇక నాన్నగారి సంగతి. ఆయన అడిగేది న్యాయమైందే, ఆయనతో వాదన వద్దు. కాగితాలు చూపించు. రైల్వే, ఆదాయపు పన్ను శాఖ, పోలీసు, సర్వీసెస్ (సైనిక దళాలు), వీటన్నిటికీ స్పోర్ట్స్ కోటా నియామకాలు ఉన్నాయి. రైల్వే స్పోర్ట్స్ కోటాకి వయసు 18 నుంచి 25, సడలింపు ఉండదు. ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీలో మొదటి మూడు స్థానాల్లో ఏదైనా వస్తే సాధారణంగా దరఖాస్తు చేసుకునే అర్హత వస్తుంది. అక్కడ మళ్లీ ట్రయల్స్‌లో పరుగెత్తించి చూస్తారు, పాత సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. కాబట్టి "నాకు 23 వచ్చేదాకా టైమివ్వండి, డిగ్రీ పాసవుతాను, ఈలోపు ఇంటర్ యూనివర్సిటీ ఫైనల్ దాకా రాకపోతే మీరు చెప్పిన పుస్తకాలు పట్టుకుంటాను" అని అడుగు. అది బేరం కాదు, నిజంగా నీకు కూడా మంచిదే. దీప్తి జీవంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లది) కాంస్యం గెలిస్తే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్ 2 ఉద్యోగం ప్రకటించింది. అది శిఖరం మీది మాట. నువ్వు లెక్క వేసుకోవాల్సింది మధ్యలో ఉన్న మెట్ల గురించి.

ఉద్యోగం వస్తే పరుగు ఆగిపోతుందని కొందరంటారు, సగం నిజం. పొద్దున, సాయంత్రం ప్రాక్టీస్‌కి వదిలే ఆఫీసులున్నాయి, మీట్లకు సెలవూ ఉంటుంది. కానీ రైల్వేలో చేరితే నేషనల్స్‌లో నువ్వు రైల్వే తరఫున పరుగెత్తాలి, తెలంగాణ తరఫున కాదు. రైల్వే జట్టులో చోటు రాష్ట్ర జట్టులో చోటుకన్నా కష్టం, దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు. జీతం వచ్చాక ఆకలి తగ్గినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

హాజరు విషయం మర్చిపోకు. సెమిస్టర్ మొదట్లోనే పీడీ సార్‌ని కలిసి మీట్ తేదీలు ఇచ్చి, ఆన్ డ్యూటీ లెటర్లు ఎప్పటికప్పుడు ఆఫీసులో ఇన్‌వర్డ్ చేయించు. సెమిస్టర్ చివర్లో 75 శాతం కోసం ఆయన చుట్టూ తిరగడం ఎవరికీ బాగోదు. కోచ్ విషయానికొస్తే, ఓయూ గ్రౌండ్‌లోనో గచ్చిబౌలిలోనో స్ప్రింటర్లతో పనిచేసేవాళ్లను ఒక వారం దూరం నుంచి చూడు. పిల్లలకు మధ్యలో విశ్రాంతి ఇస్తున్నారా, టైమింగులు పుస్తకంలో రాస్తున్నారా, దెబ్బ తగిలిన పిల్లాడిని పక్కన కూర్చోబెడుతున్నారా? ఈ మూడూ ఉంటే వెళ్లి నమస్తే చెప్పు.

స్పైక్స్ అడిగావు కదా. స్ప్రింట్ స్పైక్సే కొను, మిడిల్ డిస్టెన్స్‌వి కాదు. వాటి మడమ మెత్తగా ఉంటుంది, నీ తోపు అందులో ఇంకిపోతుంది. సాయంత్రం పూట, కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, సాక్సు లేకుండా వేసి చూడు, వేళ్లు ముందుకు తగలాలి గానీ ముడుచుకోకూడదు. సింథటిక్ ట్రాక్ మీద పిన్ను 9 మిల్లీమీటర్లు దాటకూడదు. నువ్వు మట్టి మీద వాడే పొడుగు పిన్నులు విడిగా ఒక డబ్బాలో పెట్టుకో, కాల్ రూమ్‌లో కూర్చుని రెంచీ కోసం వెతుక్కోవడం కన్నా ముందు రోజు రాత్రే మార్చుకోవడం మేలు. మరీ గట్టి కార్బన్ ప్లేటువి ఇప్పుడే వద్దు, నీ పిక్కలకు ఇంకా ఆ బలం లేదు. పాత జతను పారెయ్యకు, గడ్డి మీద టెంపోకి పనికొస్తుంది, పిన్నులు తీసేసి వాడుకో.